ఊపిరితో పాటు కణితి కూడా కదులుతుంది

ముందు ఒక చిన్న పని చేయండి. కడుపు మీద చెయ్యి పెట్టుకుని మెల్లగా ఊపిరి పీల్చండి. చెయ్యి పైకి లేచింది కదా? ఇప్పుడు వదలండి. చెయ్యి కిందికి దిగింది. లోపల ఊపిరితిత్తులు, కాలేయం కూడా ఇలాగే కదులుతాయి. ఊపిరితిత్తుల కింది భాగంలో కణితి ఉంటే, అది ఒక్కో ఊపిరికి ఒక సెంటీమీటరు కంటే ఎక్కువ కదలవచ్చు.

రేడియేషన్ చికిత్సలో ఇదే చిక్కు. ఆంధ్రలో చాలామంది దీన్ని "కరెంటు పెట్టడం" అంటారు. నిజానికి ఒంటికి కరెంటు తగలదు. యంత్రం నుంచి బలమైన ఎక్స్‌కిరణాలు కణితి మీద పడతాయి. కణితి కదులుతూ ఉంటే చుట్టుపక్కల మంచి భాగానికి కూడా కిరణాలు తగులుతాయి.

అందుకే ముందుగా స్కాన్ తీసి, రోగి ఊపిరితో కణితి ఎటు, ఎంత కదులుతుందో చూస్తారు. చికిత్స సమయంలో కెమెరాలు రోగి ఛాతీని, కడుపును గమనిస్తాయి. కొందరికి ఊపిరి ఒక స్థితికి వచ్చినప్పుడే కిరణాలు వదులుతారు. ఎడమ రొమ్ము క్యాన్సర్ ఉన్నవారిని చాలాసార్లు ఊపిరి నిండా పీల్చి బిగపట్టమంటారు. అప్పుడు గుండె ఛాతీ గోడ నుంచి కొంచెం దూరం జరుగుతుంది. గుండెకు తగిలే కిరణాలు తగ్గుతాయి.

ఇంకో పద్ధతిలో కిరణాలే కణితి వెంట వెళ్తాయి. ఈ పనిలో సిడ్నీకి మంచి పేరుంది. సిడ్నీ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ పాల్ కీల్ బృందం, రాయల్ నార్త్ షోర్ ఆసుపత్రి కలిసి 2013లో ప్రొస్టేట్ చికిత్సలో దీన్ని వాడాయి. బియ్యపు గింజలాంటి చిన్న పరికరాలను లోపల పెడతారు. అవి కణితి ఎక్కడుందో చెబుతుంటే, యంత్రంలోని సన్నని లోహపు రేకులు జరిగి కిరణాల దారిని మారుస్తాయి. తరువాత అక్కడే ఊపిరితిత్తుల కణితికి కూడా ఈ పద్ధతి వాడారు.

యంత్రం ఎంత గొప్పదైనా, ఊపిరి పీల్చేది రోగి. కిరణాలు పడేటప్పుడు గదిలో ఆయన ఒక్కరే ఉంటారు. మీరు పక్కన ఉండకూడదు. సిబ్బంది బయట నుంచి కెమెరాలో చూస్తూ, మైకులో ఇంగ్లీషులో చెబుతారు. ఫిజీ నుంచి వచ్చిన మన తాతలకు, అమ్మమ్మలకు ఆ మాట అర్థం కాకపోతే ఎలా?

కాబట్టి అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే దుబాసీని అడగండి. ప్రభుత్వ ఆసుపత్రిలో దానికి డబ్బు కట్టక్కర్లేదు. మీ పెద్దవారికి ఏ భాష బాగా వచ్చో, తెలుగో, ఫిజీ హిందీయో, స్పష్టంగా చెప్పండి. ఆ తరువాత ఇంట్లో ఈ మాటలతో సాధన చేయించండి:

ఊపిరి పీల్చండి.
బిగపట్టండి.
వదలండి.
మామూలుగా ఊపిరి తీసుకోండి.
కదలకండి.

ఒక్కో తెలుగు మాట తరువాత దాని ఇంగ్లీషు మాట కూడా చెప్పండి. మైకులో వినిపించేది అదే. ఇంకో సంగతి కూడా తప్పకుండా చెప్పండి: "తాతా, ఊపిరి ఆపలేకపోతే వదిలేయండి. వాళ్లు చూస్తూనే ఉంటారు, కిరణాలు ఆపేస్తారు. మళ్లీ మొదలుపెట్టవచ్చు."