ఆడిటర్ గారికి ఇవ్వాలా, మనమే వేసుకోవాలా? అపోహలు – వాస్తవాలు

జూన్ సగం దాటేసరికి ఫామ్-16లు చేతికొస్తాయి. ఆ మర్నాటి నుంచి ఆఫీసు క్యాంటీన్లో ఒకటే చర్చ: "రిటర్న్ నువ్వే వేస్తున్నావా, ఎవరికైనా ఇస్తున్నావా?" అక్కడ వినిపించే సలహాల్లో చాలావరకు ఎవరో ఎవరికో చెప్పగా చెవిన పడ్డవే. కొన్ని అమాయకమైనవి. కొన్ని మాత్రం జేబుకు చిల్లు పెట్టేవి.

ముందుగా ఒక మాట. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది. కానీ 2025-26 ఆర్థిక సంవత్సరపు ఆదాయానికి 1961 నాటి పాత చట్టమే వర్తిస్తుంది. ఇక్కడి లెక్కలన్నీ ఆ ఏడాదివే.

అపోహ: జీతం పెద్దదైతే ఆడిటర్ తప్పనిసరి, చిన్నదైతే మనమే వేసుకోవచ్చు.

జీతం ఎంతన్నది దాదాపుగా లెక్కలోకే రాదు. డబ్బు ఎన్ని దారుల్లో వచ్చిందన్నదే అసలు సంగతి. 45 లక్షల జీతం, సొంతిల్లు ఒకటి, బ్యాంకు వడ్డీ కాస్త, అంతే అనుకోండి. మొత్తం ఆదాయం 50 లక్షల లోపే కాబట్టి 'సహజ్' అనే ఐటీఆర్-1 సరిపోతుంది. ప్రభుత్వ పోర్టల్లో పైసా ఖర్చు లేకుండా, ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది.

ఇప్పుడు 9 లక్షల జీతంతో ఉన్న కుర్రాణ్ణి చూడండి. ఫోన్‌లో ట్రేడింగ్ యాప్ పెట్టుకుని ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో నాలుగు నెలలు ఆడి, 60 వేలు పోగొట్టుకున్నాడు. లాభం రాలేదు కదా, చూపించేదేముందని అతని ధీమా. కానీ చట్టం దృష్టిలో అది వ్యాపారం. వేయాల్సింది ఐటీఆర్-3. గడువులోగా వేస్తే ఆ నష్టాన్ని ఎనిమిదేళ్ల దాకా ముందుకు తీసుకెళ్లి, రాబోయే వ్యాపార లాభాల్లో సర్దుకోవచ్చు. వేయకపోతే అదీ పోయినట్టే. పెద్ద జీతగాడి కంటే ఆడిటర్ అవసరం ఇతనికే ఎక్కువ.

అసలు, వ్యాపార లెక్కలకు పన్ను ఆడిట్ వర్తించే సందర్భంలో తప్ప, రిటర్న్ వేయడానికి చార్టర్డ్ అకౌంటెంట్ ఉండి తీరాలని చట్టం ఎక్కడా చెప్పలేదు.

అపోహ: ఊళ్లో పొలం మీద వచ్చేదానికి పన్ను లేదు, కాబట్టి చూపించక్కర్లేదు.

పన్ను లేని మాట నిజమే. చూపించక్కర్లేదన్నదే తప్పు. ఉద్యోగం హైదరాబాద్‌లో, మూడెకరాలు కోనసీమలో. మన ఇళ్లలో సర్వసాధారణమైన సంగతి ఇది. వరి పొలం మీద వచ్చే కౌలు వ్యవసాయాదాయమే. కానీ అది ఏడాదికి 5,000 రూపాయలు దాటిందంటే ఐటీఆర్-1 పనికిరాదు, ఐటీఆర్-2 వేయాలి. పైగా ఆ ఆదాయం మీద పన్ను వేయకపోయినా, మిగతా ఆదాయానికి రేటు తేల్చేటప్పుడు దాన్నీ కలిపి చూస్తారు. తప్పు ఫామ్‌లో వేస్తే 'డిఫెక్టివ్ రిటర్న్' అంటూ నోటీసు వస్తుంది. దిద్దుకోవడానికి మామూలుగా ఇచ్చేది 15 రోజులు.

అదే పొలాన్ని రొయ్యల చెరువుకు లీజుకిస్తే కథ మారిపోతుంది. అది వ్యవసాయమా కాదా అన్నది ట్రైబ్యునళ్ల దాకా వెళ్లిన తగాదా. భీమవరం చుట్టుపక్కల భూములున్నవాళ్లు ఈ ఒక్క ప్రశ్నకైనా తెలిసిన ఆడిటర్‌కు ఫీజు ఇవ్వడం మేలు.

పొలం అమ్మినప్పుడూ అంతే. పల్లెటూరి వ్యవసాయ భూమి అమ్మితే మూలధన లాభం మీద పన్ను ఉండదని అందరికీ తెలుసు. ఏది పల్లెటూరన్న దగ్గరే చిక్కు. మున్సిపాలిటీ జనాభా 10 వేలకు పైబడి లక్ష లోపుంటే దాని హద్దు నుంచి 2 కిలోమీటర్లు, లక్ష నుంచి 10 లక్షల దాకా ఉంటే 6, 10 లక్షలు దాటితే 8 కిలోమీటర్లు అవతల ఉండాలి. ఆ దూరాన్ని రోడ్డు మీద కాదు, గాలిదారిలో కొలుస్తారు. రోడ్డు చుట్టు తిరిగి పది కిలోమీటర్లున్నా, నేరుగా చూస్తే ఏడే కావచ్చు. రాజధాని కోసం ల్యాండ్ పూలింగ్‌కు భూమి ఇచ్చిన అమరావతి రైతులకైతే చట్టంలో విడిగా ఒక మినహాయింపు ఉంది. 2014 జూన్ 2 నాటికి భూమి ఎవరి పేరున ఉందన్నది అందులో కీలకం.

అపోహ: ఇప్పుడంతా ముందే నింపి ఉంటుంది. సబ్మిట్ నొక్కితే చాలు.

ఈ ధీమా ఉద్యోగం మారినవాళ్లను నిలువునా ముంచుతుంది. ఒకమ్మాయి ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఒక కంపెనీలో నెలకు లక్ష జీతానికి చేసింది. అక్టోబర్‌లో ఇంకో కంపెనీలో 1.4 లక్షలకు చేరింది. మొదటి కంపెనీ ఏడాదికి 12 లక్షలని లెక్కేసి, 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ తీసేసింది. 12 లక్షల లోపే కాబట్టి కొత్త విధానంలో రిబేటు వర్తించి, టీడీఎస్ సున్నా. పాత జీతం సంగతి ఈ అమ్మాయి చెప్పలేదు, రెండో కంపెనీ అడగలేదు. వాళ్లు తమ ఆరు నెలల 8.4 లక్షలే చూసుకుని, మళ్లీ 75 వేలు తీసేసి, వాళ్లూ సున్నా అన్నారు. రెండు ఫామ్-16లు, రెంట్లోనూ పన్ను లేదు. ఎంత ముచ్చటగా ఉంది!

రెండూ కలిపితే 14.4 లక్షలు. స్టాండర్డ్ డిడక్షన్ ఒక్కసారే కాబట్టి పన్ను పడే ఆదాయం 13.65 లక్షలు. రిబేటు పోయింది. పన్ను 84,750, సెస్సుతో 88,140 రూపాయలు. ముందస్తు పన్ను కట్టనందుకు వడ్డీ అదనం. కొత్త కంపెనీలో చేరిన రోజే పాత జీతం వివరాలతో ఫామ్-12బీ నింపి ఇస్తే నెలనెలా కొంచెం కొంచెంగా కట్ అయ్యేది. జులైలో ఏ ఆడిటర్ చేతిలో పెట్టినా ఈ 88 వేలు తగ్గదు.

కాబట్టి ముందే నింపి ఉన్న అంకెలను ఏఐఎస్‌తో, అంటే పన్ను శాఖ దగ్గరున్న మీ వార్షిక చిట్టాతో, పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. ఎఫ్‌డీ వడ్డీ మీద బ్యాంకు 10 శాతం కోసేసింది కదా, అయిపోయిందనుకునేవాళ్లు చాలామంది. మీ శ్లాబు 30 శాతమైతే మిగతా 20 మీరే కట్టాలి.

అపోహ: మంచి ఏజెంట్ అయితే రిఫండ్ ఎక్కువ తెప్పిస్తాడు.

అన్నిట్లోకీ ఖరీదైన అపోహ ఇదే. రిఫండ్ అంటే మనం ఎక్కువ కట్టింది మనకు తిరిగి రావడం. దాన్ని ఎవరూ పుట్టించలేరు. పుట్టించారంటే ఎక్కడో అబద్ధం రాశారన్నమాట. లేని ఇంటద్దె, ఇవ్వని రాజకీయ విరాళం, తీసుకోని చదువు రుణం. రిటర్న్‌తో కాగితాలేవీ జతచేయక్కర్లేదు కాబట్టి ఆ ఏడాదికి గడిచిపోతుంది. 2025 జులై 14న పన్ను శాఖ ఇలాంటి దొంగ క్లెయిముల మీద దేశవ్యాప్తంగా 150 చోట్ల తనిఖీలు మొదలుపెట్టింది. అంతకు ముందు నాలుగు నెలల్లో దాదాపు 40 వేల మంది తమంతట తామే రిటర్న్‌లు సవరించుకుని, 1,045 కోట్ల రూపాయల క్లెయిములు వెనక్కి తీసుకున్నారని అప్పుడే ప్రకటించింది.

పాత విధానంలో 30 శాతం శ్లాబులో ఉన్న ఉద్యోగికి ఏజెంట్ లక్ష రూపాయల విరాళం రాశాడనుకోండి. సెస్సుతో కలిపి 31,200 రిఫండ్ వస్తుంది. పది శాతం కమీషన్ మీద ఏజెంట్‌కు 3,120. తర్వాత అది దొంగ లెక్కని తేలితే ఆ 31,200 తిరిగి కట్టాలి, దాని మీద వడ్డీ కట్టాలి. తప్పుడు సమాచారానికి జరిమానా పన్నుకు రెండింతలు, అంటే మరో 62 వేలు. ఏజెంట్ 3,120 మాత్రం ఎటూ పోదు, అతని దగ్గరే భద్రం.

గుర్తుపట్టడం తేలికే. రిఫండ్‌లో ఇంత శాతం అని అడిగితే లేచి వచ్చేయండి. ఫలితాన్ని బట్టి వాటా తీసుకోవడాన్ని చార్టర్డ్ అకౌంటెంట్ల వృత్తి నియమాలే ఒప్పుకోవు. మనవైపు బోర్డు మీద 'ట్యాక్స్ కన్సల్టెంట్' అని ఉన్న ప్రతివారినీ ఆడిటర్ గారూ అనేస్తాం. ఆయన సీఏనో కాదో అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

అపోహ: వేసింది ఆయన, తప్పొస్తే బాధ్యత ఆయనదే.

రిటర్న్ చివర్లో ఉండే ధ్రువీకరణ మీ పేరుతో ఉంటుంది. ఆధార్ ఓటీపీ చెప్పేది మీరే. నోటీసు వచ్చేదీ మీకే, వస్తే. వస్తే అని ఎందుకంటున్నానంటే, కొందరు ఏజెంట్లు గంపగుత్తగా వేసే రిటర్న్‌లకు తమ సొంత ఈమెయిలో, ఆ పనికోసమే సృష్టించిన ఐడీయో ఇచ్చేస్తారు. సీజన్ అయ్యాక దాన్ని తెరిచి చూసే నాథుడుండడు. ఈ సంగతినీ పన్ను శాఖ ఆ 2025 జులై తనిఖీల ప్రకటనలోనే చెప్పింది. ఈ రాత్రికే పోర్టల్‌లో లాగిన్ అయి, ప్రొఫైల్‌లో ఎవరి ఫోన్ నంబరు, ఎవరి మెయిల్ ఉందో చూసుకోండి. పాస్‌వర్డే తెలియదంటారా, అయితే ముందు ఆ పని చూడండి.

సొంతంగా వేస్తే నోటీసులొస్తాయన్న భయం మాత్రం ఉత్తదే. ఎవరు నింపారన్నది కాదు, అంకెలు కలిశాయా లేదా అన్నదే బెంగళూరు కేంద్రంలోని కంప్యూటర్ చూసేది. రిటర్న్ పరిశీలించాక వచ్చే 143(1) సమాచార పత్రాన్ని చూసి కంగారుపడేవాళ్లూ ఉన్నారు. అది దాదాపు అందరికీ వస్తుంది. వేశాక 30 రోజుల్లోగా ఈ-వెరిఫై చేయడం మరిచిపోతేనే చిక్కు.

అపోహ: ఫారిన్ కంపెనీ షేర్లకు జీతంలోనే పన్ను కోసేశారు, ఇంకేం లేదు.

హైటెక్ సిటీలో సగం ఇళ్లకు వర్తించే సంగతి ఇది. ఆర్‌ఎస్‌యూలు, అంటే కంపెనీ ఉద్యోగికిచ్చే షేర్లు, చేతికొచ్చినప్పుడు జీతంలో పన్ను కోసిన మాట నిజమే. అయినా ఆ షేర్లు మీ పేరున ఉన్నన్నాళ్లూ, ఒక్కటీ అమ్మకపోయినా, రిటర్న్‌లో షెడ్యూల్ ఎఫ్ఏ, అంటే విదేశీ ఆస్తుల పట్టిక, నింపాలి. అందులో లెక్క జనవరి నుంచి డిసెంబర్ దాకా. మిగతా రిటర్న్ అంతా ఏప్రిల్ నుంచి మార్చి దాకా. చూపించకపోతే నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా దాకా వెళ్లొచ్చు. స్థిరాస్తి కాని విదేశీ ఆస్తులు మొత్తం 20 లక్షలు మించకపోతే ఆ జరిమానా ఉండదని 2024 అక్టోబర్ 1 నుంచి సడలించారు. మొదటి ఏడాది ఈ పని ఆడిటర్‌తో చేయించుకుని, ఆ లెక్క కాగితం అడిగి తీసుకోండి. మరుసటి ఏడాది దాన్ని చూసి మీరే వేసుకోగలుగుతారు.

అపోహ: ఆడిటర్‌ను కలవాల్సింది జులైలో.

ఇల్లు అమ్మి వచ్చిన లాభాన్ని, దాని మీద పన్ను పడకుండా, 54ఈసీ బాండ్లలో పెట్టాలంటే గడువు అమ్మిన ఆరు నెలల దాకానే. మే నెలలో అమ్మితే మరుసటి ఏడాది జులై నాటికి ఆ తలుపు ఎప్పుడో మూసుకుపోయి ఉంటుంది. అమెరికాలో ఉండే అబ్బాయి కూకట్‌పల్లి ఫ్లాటు అమ్మితే, కొనేవాళ్లు టీడీఎస్ కోయాలి. తక్కువ కోతకు శాఖ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే వాళ్లు మొత్తం ధర మీదే కోసేస్తారు. వచ్చిన లాభం పది లక్షలే అయినా, ఆపేసే డబ్బు దానికంటే ఎక్కువ కావచ్చు. ఆ సర్టిఫికెట్ రిజిస్ట్రేషన్‌కు ముందే చేతిలో ఉండాలి. అది రావడానికి వారాలు పడుతుంది కాబట్టి, ఆడిటర్‌కు ఫోన్ చేయాల్సింది బేరం కుదరగానే, అడ్వాన్సు పుచ్చుకోకముందే.