పాడైన ఆహారం – ప్రజారోగ్యం

అన్నం పరబ్రహ్మ స్వరూపమని మన పెద్దలు చెప్పారు. ప్రాణాన్ని నిలిపే ఆ అన్నమే చెడిపోయినప్పుడు ప్రాణాలకు ముప్పు తెస్తుంది. అంగడిలో పాడైన ఆహారం ఉన్నదని తెలిసినప్పుడు ప్రభుత్వం ముందుగా విచారణ జరపాలా, లేక ముందుగా ఆ సరుకును స్వాధీనం చేసుకోవాలా? ఈ ప్రశ్న నూరేళ్ళకు పూర్వమే అమెరికా సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది.

1906 అక్టోబరులో చికాగో నగర అధికారులు నార్త్ అమెరికన్ కోల్డ్ స్టోరేజి కంపెనీకి చెందిన శీతల గిడ్డంగికి వెళ్ళారు. అక్కడ నిల్వ ఉన్న 47 పీపాల కోడిమాంసం కుళ్ళిపోయిందనీ, ధ్వంసం చేయడానికి దానిని అప్పగించాలనీ కోరారు. సరుకు బాగానే ఉన్నదంటూ కంపెనీ నిరాకరించింది. అంతట అధికారులు గిడ్డంగి వ్యాపారాన్ని అడ్డుకున్నారు. కంపెనీ న్యాయస్థానాన్ని ఆశ్రయించింది.

చట్టబద్ధమైన విచారణ లేకుండా ఎవరి ఆస్తినీ హరించరాదని అమెరికా రాజ్యాంగపు 14వ సవరణ చెబుతున్నది. మాంసం శీతల గిడ్డంగిలోనే ఉన్నది గనుక, విచారణ ముగిసేవరకు వేచి ఉన్నందువల్ల ప్రమాదమేమీ లేదని కంపెనీ వాదించింది. 1908 డిసెంబరులో న్యాయస్థానం ఈ వాదనను తోసిపుచ్చింది. తినడానికి పనికిరాని ఆహారం ప్రజలకు హానికరం కనుక, ముందస్తు విచారణ లేకుండానే దానిని స్వాధీనం చేసుకొని ధ్వంసం చేయవచ్చునని జస్టిస్ పెక్‌హామ్ తీర్పు వ్రాశారు. అయితే అధికారి మాటే తుది మాట కాదు. సరుకు మంచిదేనని తలచిన యజమాని తరువాత నష్టపరిహారం కోసం దావా వేయవచ్చు.

మన దేశంలో 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కూడా ఈ రెండు పక్షాలనూ దృష్టిలో ఉంచుకున్నది. చట్టవిరుద్ధమని తోచిన ఆహారాన్ని స్వాధీనం చేసుకొనే అధికారాన్ని 38వ సెక్షను ఆహార భద్రతాధికారికి ఇచ్చింది. తినడానికి పనికిరానంతగా చెడిపోయిన ఆహారాన్ని, వ్యాపారికి వ్రాతపూర్వకంగా తెలియజేసిన పిమ్మట ధ్వంసం చేయించవచ్చు. సరైన కారణం లేకుండా వేధించడానికే సరుకును స్వాధీనం చేసుకొన్న అధికారికి లక్ష రూపాయల వరకు జరిమానా విధించడానికి 39వ సెక్షను వీలు కల్పించింది. కొనుగోలుదారుడు సైతం నిర్ణీత రుసుము చెల్లించి, తాను కొన్న ఆహారాన్ని పరీక్ష చేయించుకోవచ్చునని 40వ సెక్షను తెలుపుతున్నది.

నష్టపోయిన సొమ్మును పరిహారంగా తిరిగి పొందవచ్చు. పోయిన ప్రాణాన్ని ఏ న్యాయస్థానమూ తిరిగి తేలేదు. ముందు స్వాధీనం, తరువాత విచారణ అనే పద్ధతికి ఇదే ఆధారం. అధికారికి ఇచ్చిన ఈ బలం ప్రజారోగ్యానికి రక్షణ కావాలేగాని, నిజాయితీగా బ్రతికే వ్యాపారికి శిక్ష కారాదు.