జోడు కార్డులు.. రెట్టింపు ఆట కాదు!

* గేముల్లో 'ఎస్‌ఎల్‌ఐ', 'క్రాస్‌ఫైర్'కు తెర
* పాత బోర్డుల మీద ఇంకా అవే రాతలు
* రెండో కార్డు కొనేముందు లెక్క చూసుకోండి

ఒంటెద్దు లాగలేని బరువుకు రెండో ఎద్దును కడతాం. కంప్యూటర్ గేముల్లోనూ ఒకప్పుడు ఇదే లెక్క నడిచింది. ఒక గ్రాఫిక్స్ కార్డు చాలకపోతే పక్కనే ఇంకోటి బిగించేవారు. జోడీ కుదిరిన చోట బండి పరుగెత్తింది. కుదరని చోట మేత ఖర్చు రెట్టింపైంది కానీ బండి కదల్లేదు. చివరికి కార్డుల కంపెనీలే ఆ కాడిని పక్కన పడేశాయి.

అయినా ఆశ చావలేదు. బెంగళూరు ఎస్‌పీ రోడ్డు, చెన్నై రిచీ స్ట్రీట్ కంప్యూటర్ సామానుకు పేరుపడ్డ బజార్లు. బళ్లారి నుంచో, హోసూరు నుంచో బస్సెక్కి వెళ్లిన కుర్రాడికి అక్కడ పాత కార్డు చవగ్గా కనిపించిందనుకోండి. 'ఇంట్లో ఉన్నదానికి దీన్ని జత చేస్తే కొత్తది కొనే పని తప్పుతుంది కదా' అనిపించడం సహజమే. నాన్నను ఒప్పించి తెచ్చుకున్న డబ్బు జేబులోంచి తీసేముందు ఈ కథ తెలుసుకోవడం మంచిది.

1998లోనే మొదలు

అమెరికా కంపెనీ త్రీడీఎఫ్‌ఎక్స్ 1998లో 'వూడూ2' కార్డు తెచ్చింది. రెండింటిని చిన్న కేబుల్‌తో కలిపితే తెర మీది గీతలను పంచుకునేవి. ఒక గీత ఇది గీస్తే, తర్వాతి గీత అది గీసేది. ఒక్క కార్డుతో 800×600 దగ్గర ఆగే బొమ్మ, రెండింటితో 1024×768 దాకా వెళ్లేది. దానికే ఎస్‌ఎల్‌ఐ అని పేరు. ఆ కంపెనీ నిలదొక్కుకోలేకపోయింది. దాని ఆస్తులు కొంటున్నట్టు 2000 డిసెంబరులో ఎన్‌విడియా ప్రకటించింది. అదే మూడక్షరాల పేరును 2004లో జీఫోర్స్ 6 తరం కార్డులతో మళ్లీ బయటికి తీసింది. 2005లో ఏటీఐ 'క్రాస్‌ఫైర్'తో పోటీకి దిగింది. మరుసటి ఏడాదే ఏటీఐని ఏఎండీ కొనేసింది. 2007లో మూడు కార్డుల ఎస్‌ఎల్‌ఐ కూడా వచ్చింది. అదే ఏడాది విడుదలైన 'క్రైసిస్' గేముకు అప్పటి ఖరీదైన కార్డులు సైతం చెమటోడ్చాయి. దాంతో రెండో కార్డు గేమర్ల కలైంది.

చిక్కు ఎక్కడంటే..

సినిమా రీలు మాదిరే గేము కూడా వరుస బొమ్మలే. ఒక్కో బొమ్మను ఫ్రేము అంటారు. 1, 3, 5 ఫ్రేములు మొదటి కార్డు గీస్తే.. 2, 4, 6 రెండోది గీస్తుంది. ఇదీ ఎక్కువగా వాడిన పద్ధతి. బాగా కుదిరిన గేముల్లో వేగం దాదాపు రెట్టింపైన మాటా నిజమే. కుదరని వాటిలో రెండో కార్డు ఖాళీగా కూర్చునేది. కొన్నిట్లో ఒక్క కార్డుతో ఆడితేనే నయం.

మొదటి చిక్కు మెమరీ. 8 జీబీ కార్డులు రెండు పెడితే 16 జీబీ అవుతుందనుకుంటారు. కాదు. గేములో ఇళ్లు, చెట్లు, మనుషుల బొమ్మల సమాచారమంతా రెండు కార్డుల్లోనూ విడివిడిగా ఉండాలి. కాబట్టి గేముకు దక్కేది 8 జీబీయే.

రెండోది కుదుపు. ఫ్రేములు సమానమైన ఎడంతో రావాలి. జోడు కార్డుల్లో ఒకటి 5 మిల్లీసెకన్లకే వచ్చి, తర్వాతిది 28 మిల్లీసెకన్లకు వచ్చిందనుకోండి. సగటు తీస్తే సెకనుకు 60 ఫ్రేములని మీటరు చూపిస్తుంది. కంటికి మాత్రం 35 ఫ్రేముల గేములాగే అనిపిస్తుంది.

మూడోది అసలు దెబ్బ. కొత్త గేములు అంచులు నున్నగా కనిపించడానికి వెనకటి ఫ్రేములోని సమాచారాన్ని వాడుకుంటాయి. ఆ ఫ్రేము పక్క కార్డులో ఉంటే? అది వచ్చేదాకా ఈ కార్డు ఆగాల్సిందే. పని పంచుకోవడం పోయి, ఒకరికోసం ఒకరు కాచుకోవడం మిగిలింది.

కంపెనీలే చేతులెత్తేశాయి

2015లో వచ్చిన డైరెక్ట్‌ఎక్స్ 12తో జోడు కార్డులను నడిపే భారం చాలావరకు గేము తయారుచేసేవారి మీద పడింది. 'యాషెస్ ఆఫ్ ద సింగ్యులారిటీ' లాంటి గేము వేర్వేరు కంపెనీల కార్డులను కూడా కలిపి నడిపి చూపింది. కానీ జోడు కార్డులు వాడేవారు తక్కువ, పని ఎక్కువ. అంత శ్రమకు ముందుకొచ్చినవాళ్లు కొద్దిమందే.

2016లో జీఫోర్స్ 10 తరంతో ఎన్‌విడియా గేములకు రెండు కార్డులే చాలని గీత గీసింది. 2017లో ఏఎండీ క్రాస్‌ఫైర్ పేరును పక్కనపెట్టింది. 2020 నాటి ఆర్‌టీఎక్స్ 30 తరంలో ఒక్క 3090కే కార్డులను కలిపే సౌకర్యం మిగిలింది. ఆర్‌టీఎక్స్ 20, అంతకుముందు తరాల కార్డులకు కొత్త ఎస్‌ఎల్‌ఐ డ్రైవర్ ప్రొఫైళ్లను 2021 జనవరి 1 నుంచి ఎన్‌విడియా ఆపేసింది. 2022లో వచ్చిన 4090కి ఆ కనెక్టరే లేదు.

ఇప్పుడు గేముల్లో వేగానికి వేరే దారి దొరికింది. డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్ లాంటివి బొమ్మను చిన్నగా గీసి పెద్దది చేస్తాయి. మధ్యలో ఫ్రేములు పుట్టిస్తాయి. ఒక్క కార్డుతోనే పని జరిగిపోతుంది.

రెండూ పనికొచ్చే చోటు

అలాగని రెండో కార్డు ఎందుకూ పనికిరాదని కాదు. యానిమేషన్ రెండరింగ్‌లో ఒక్కో కార్డు తన వాటా తాను చేసుకుపోతుంది. ఒకదానికోసం ఒకటి ఆగక్కర్లేదు. ఏఐ మోడళ్లను ఇంట్లో నడిపేవారు ఒకే మోడల్‌ను ముక్కలు చేసి రెండు కార్డుల్లో సర్దుతారు. అక్కడ 24 జీబీ కార్డులు రెండుంటే 48 జీబీ వాడుకోవచ్చు. గేములోనైతే సెకనుకు 60 సార్లు లెక్క సరిపోవాలి. తేడా అదే.

కొనేముందు..

* మదర్‌బోర్డు మీద ఎస్‌ఎల్‌ఐ అని రాసి ఉన్నంత మాత్రాన ఎక్కువ ధర ఇవ్వొద్దు. మీరు ఆడే గేముకు జోడు కార్డుల సపోర్టు ఉందో లేదో ముందు చూసుకోండి.
* రెండో పొడవాటి స్లాటు ఉన్నా, చాలా బోర్డుల్లో దాని వేగం మొదటిదాని కంటే బాగా తక్కువ.
* 250 వాట్ల కార్డు ఇంకోటి చేరితే ఎస్‌ఎంపీఎస్ కూడా మార్చాల్సి రావచ్చు. రోజుకు 4 గంటలు పూర్తి లోడుతో ఆడితే నెలకు అదనంగా 30 యూనిట్ల కరెంటు.
* రెండు కార్డులు ఆనుకుని ఉంటే పైదానికి గాలి ఆడదు. ఎండాకాలం సంగతి చెప్పక్కర్లేదు.
* సెకండ్‌హ్యాండ్ కార్డును కొట్టులోనే బిగించి, పావుగంటైనా గేము నడిపి చూడనిదే డబ్బులివ్వొద్దు.

పాతవి రెండు కలిపి కట్టే బదులు, ఉన్నదాన్ని అమ్మేసి, రెండోదానికి పెట్టాలనుకున్న సొమ్ము అందులో కలిపి ఒక మంచి కార్డు కొనుక్కోవడమే గిట్టుబాటు.