రాష్ట్రానికి దౌత్యాధికారి ఎందుకు?

*పరాయి దేశంలో చిక్కుకున్న మనవారికి దిక్కెవరు?*
*కేంద్రం పరిధి ఎంత.. రాష్ట్రం చేయగలిగింది ఎంత?*

కాణిపాకం: వరసిద్ధి వినాయకుని సన్నిధిలో పాస్‌పోర్టు ఉంచి పూజ చేయించుకుని, ప్రయాణం నిర్విఘ్నంగా సాగాలని మొక్కుకునే కుటుంబాలు ఇక్కడివారికి కొత్త కాదు. చిత్తూరు జిల్లా పల్లెల నుంచి యువత వైద్యవిద్యకు, సాఫ్ట్‌వేర్ కొలువులకు విదేశాలకు తరలిపోతోంది. పొరుగునే ఉన్న పీలేరు, మదనపల్లె, రాయచోటి ప్రాంతాల నుంచి కువైట్‌కు వలసలు దశాబ్దాలుగా సాగుతున్నాయి. అంతా సవ్యంగా ఉన్నంతకాలం ఎవరికీ అధికారులతో పని ఉండదు. యుద్ధమో, అగ్నిప్రమాదమో, యజమాని వేధింపో ఎదురైననాడు మాత్రం ‘ఎవరిని అడగాలి’ అన్న ప్రశ్న ఇంటిల్లిపాదినీ కలవరపెడుతుంది. కలెక్టరేట్‌కు వెళితే అది రాయబార కార్యాలయం పని అంటారు. రాయబార కార్యాలయం ఎక్కడుందో, అక్కడ ఎవరితో మాట్లాడాలో పల్లెలోని తల్లిదండ్రులకు తెలియదు. ఈ అగాధాన్ని పూడ్చేందుకే విదేశీ వ్యవహారాల్లో తలపండిన సీనియర్ అధికారిని రాష్ట్రాలు నియమించుకోవడం మొదలైంది.

ఉక్రెయిన్ నేర్పిన పాఠం

2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్‌పై రష్యా దాడి ప్రారంభించగానే ఆ దేశ గగనతలం మూతపడింది. అక్కడ వైద్యవిద్య అభ్యసిస్తున్న తెలుగు విద్యార్థులు బంకర్లలో తలదాచుకున్నారు. పోలండ్, హంగరీ, రుమేనియా, స్లొవేకియా సరిహద్దులకు చేరుకుంటే తప్ప విమానం ఎక్కే దారిలేదు. కేంద్రం ‘ఆపరేషన్ గంగ’ పేరిట వారిని స్వదేశానికి చేర్చే కార్యక్రమం చేపట్టింది.

ఆ సమయంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి అంతర్జాతీయ సహకార విభాగం ప్రత్యేకాధికారిగా గీతేష్ శర్మ ఉన్నారు. భారత విదేశాంగ సర్వీసుకు చెందిన ఆయన ఆస్ట్రేలియాలో మన హైకమిషనర్‌గా పనిచేసి పదవీ విరమణ పొందినవారు. బాధిత కుటుంబాలు సంప్రదించేందుకు ప్రభుత్వం ప్రకటించిన అధికారుల్లో ఆయన ఒకరు. అధికారి సొంతంగా విమానం పంపలేరు. కానీ ఏ విద్యార్థి ఏ నగరంలో ఉన్నాడో జాబితా తయారుచేసి, దానిని విదేశాంగ శాఖలో సరైన బల్లపైకి చేర్చగలరు. ఆ శాఖ పనితీరు ఎరిగిన వ్యక్తికి, ఎరగని వ్యక్తికి తేడా ఇక్కడే ఉంటుంది.

నియామకం అంత తేలికా?

ఐఏఎస్, ఐపీఎస్ అధికారులకు రాష్ట్ర కేడర్ ఉంటుంది. ఐఎఫ్ఎస్‌గా పిలిచే విదేశాంగ సర్వీసుకు అది లేదు. యూపీఎస్సీ సివిల్స్ పరీక్ష ద్వారానే ఎంపికైనా, వీరు పూర్తిగా కేంద్రం అధీనంలోనే పనిచేస్తారు. శిక్షణ అనంతరం ఒక విదేశీ భాష నేర్చుకుని, ఉద్యోగకాలంలో అధిక భాగం దేశదేశాల్లోని దౌత్య కార్యాలయాల్లో గడుపుతారు. అందువల్ల రాష్ట్రం కోరుకున్నంత మాత్రాన కలెక్టరును బదిలీ చేసినట్లు దౌత్యవేత్తను తెచ్చుకోవడం కుదరదు. ఉన్నవి మూడే మార్గాలు.

* కేంద్రం అనుమతితో డిప్యుటేషన్‌పై తీసుకోవడం.
* పదవీ విరమణ చేసినవారిని ప్రత్యేకాధికారిగానో, సలహాదారుగానో నియమించుకోవడం.
* రాష్ట్రంలోని ఐఏఎస్ అధికారికే అదనపు బాధ్యత అప్పగించడం.

మొదటిదానికి ఢిల్లీ సమ్మతి తప్పనిసరి. రెండోదానిలో అనుభవం లభిస్తుంది గానీ, పదవికి స్థిరత్వం తక్కువ. మూడోదానిలో రాష్ట్ర యంత్రాంగంపై పట్టు ఉంటుంది గానీ, దౌత్య వ్యవహారాలు కొత్త.

కేరళలో రేగిన వివాదం

మూడో మార్గాన్ని ఎంచుకున్న కేరళకు చిక్కులు తప్పలేదు. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగఫ్‌లో కార్మికులు నివసించే భవనంలో ఘోర అగ్నిప్రమాదం జరిగింది. రెండు రోజుల అనంతరం 45 మంది భారతీయుల మృతదేహాలను వాయుసేన విమానంలో కొచ్చికి తీసుకువచ్చారు. మృతుల్లో అత్యధికులు కేరళవారు కాగా, ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వారు. సహాయ చర్యల పర్యవేక్షణకు కువైట్ వెళ్లేందుకు కేరళ ఆరోగ్యమంత్రికి కేంద్రం అనుమతి లభించలేదు.

మరుసటి నెల 15న కేరళ ప్రభుత్వం ఐఏఎస్ అధికారి కె.వాసుకికి విదేశీ సహకార వ్యవహారాల అదనపు బాధ్యతను అప్పగిస్తూ ఉత్తర్వు జారీచేసింది. ‘రాష్ట్రానికి విదేశాంగ కార్యదర్శా?’ అంటూ విమర్శలు వెల్లువెత్తాయి. రాజ్యాంగ పరిధికి వెలుపలి అంశాల్లో రాష్ట్రాలు జోక్యం చేసుకోరాదని కేంద్ర విదేశాంగ శాఖ స్పష్టంచేసింది. పెట్టుబడులు, సాంస్కృతిక సంబంధాల కోసం వచ్చే విదేశీ ప్రతినిధులతో సమన్వయానికే ఈ ఏర్పాటని కేరళ వివరణ ఇచ్చుకుంది.

రాజ్యాంగం ఏమంటోంది?

ఏడో షెడ్యూలులోని కేంద్ర జాబితాలో విదేశీ వ్యవహారాలు 10వ అంశం. దౌత్య, కాన్సులర్, వాణిజ్య ప్రాతినిధ్యం 11వ అంశం. ఒప్పందాలు 14వ అంశం. ఈ మూడింటిలోనూ రాష్ట్రానికి అధికారం లేదు. అయితే పరిశ్రమకు భూమి ఇచ్చేది, నీరు ఇచ్చేది రాష్ట్రమే. విదేశం నుంచి వచ్చిన మృతదేహాన్ని విమానాశ్రయం నుంచి స్వగ్రామానికి చేర్చేదీ, ఆ కుటుంబాన్ని ఆదుకోవాల్సిందీ రాష్ట్రమే. దీనిని గుర్తించే విదేశాంగ శాఖ 2014లో రాష్ట్రాల కోసం ప్రత్యేక విభాగాన్ని నెలకొల్పింది. ఢిల్లీలో అలాంటి విభాగం ఉన్నప్పుడు, దానితో మాట్లాడేందుకు రాష్ట్రంలోనూ ఒక బాధ్యుడు ఉండటం అవసరమే.

అంధుడు, మూగ, బధిరుడు అయిన ముగ్గురు అన్నదమ్ములు కలిసి బావి తవ్వుతుండగా స్వామి వెలిశారన్నది కాణిపాకం స్థలపురాణం. ఒకరి లోటును మరొకరు పూడ్చుకున్నందునే వారి పని సాగింది. ఊరి సంగతి రాయబార కార్యాలయానికి తెలియదు. రాయబార కార్యాలయం తీరు రెవెన్యూ సిబ్బందికి తెలియదు. రెండూ తెలిసిన అధికారి మధ్యలో ఉంటేనే బాధితునికి మేలు. ఆ పదవి ఆపద వచ్చినప్పుడు పుట్టి, ఆపద తీరగానే మరుగున పడేది కాకూడదు. ప్రభుత్వాలు మారినా కొనసాగే కార్యాలయం, ప్రతి జిల్లాలో దానికి సమాచారం అందించే ఉద్యోగి ఉంటే తప్ప పెద్ద అధికారి నియామకం కాగితాలకే పరిమితమవుతుంది.

వెళ్లేముందు ఇవి మరువకండి

* గల్ఫ్ కొలువులకు కేంద్రం గుర్తింపు పొందిన ఏజెంట్ల ద్వారానే వెళ్లాలి. ‘ఈ-మైగ్రేట్’ వెబ్‌సైట్‌లో ఏజెంటు పేరు సరిచూసుకోవాలి.
* ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాదవశాత్తు మరణిస్తే రూ.10 లక్షల పరిహారం ఉంటుంది. ఆ పత్రం నకలు ఇంట్లో ఉంచాలి.
* పాస్‌పోర్టు, వీసా, ఉద్యోగ ఒప్పందం నకళ్లు, యజమాని చిరునామా కుటుంబసభ్యుల వద్ద ఉండాలి. ఏ అధికారి అయినా మొదట అడిగేవి ఇవే.
* ఆపద ఎదురైతే విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదుచేసి, ఆ సంఖ్యతో కలెక్టరేట్‌లో, ఏపీఎన్ఆర్‌టీ సొసైటీలో అర్జీ ఇవ్వాలి.