పాచిక పడ్డాక కథ ఎవరి చేతిలో ఉంటది?

పోయిన సెమిస్టర్‌లో మా హాస్టల్ రూములో ఒక మనిషి చెరువులో మునిగి చచ్చిపోయిండు. కంగారు పడకండి, కాగితం మీది మనిషే. కానీ ఆ మనిషిని మూడు వారాలు పెంచుకున్న మా భూపాలపల్లి దోస్తు ఆ రాత్రి మెస్సుకు రాలేదు.

ఈ ఆటను టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు. నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు గేమ్ మాస్టర్: ఊరు, వాన, శత్రువులు అన్నీ ఆ మనిషే నడిపిస్తాడు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని "నేను ఇట్ల చేస్త" అంటారు. అది అయితదో కాదో తెలియనప్పుడు పాచిక వేస్తారు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'తో ఈ రకం ఆట జనంలోకి వచ్చింది.

మేం మాత్రం మన దగ్గరి కథే పెట్టుకున్నం. నాది జనగామ, ఇంకొకడిది మానుకోట. కాబట్టి కాకతీయుల కాలం, బయ్యారం చెరువు. గణపతిదేవుడి సోదరి మైలమ తవ్వించిందని శాసనం చెప్పే చెరువు అది. తుఫాను రాత్రి కట్ట తెగేటట్టుంది, ఎవరో ఒకరు మునిగి తూము తెరవాలి. భూపాలపల్లోడు దూకిండు. 20 ముఖాల పాచిక మీద 8 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితే గెలుపు. అంటే 20లో 13 అవకాశాలు, 65 శాతం. పడింది 3. రూల్ ప్రకారం మునిగిపోయిండు. గేమ్ మాస్టర్‌ని నేనే. రూల్ చదివి వినిపించిన. ఆట అక్కడే ఆగిపోయింది.

తర్వాతి వారం కొత్త పాత్రతో మళ్లీ మొదలుపెట్టినం. ఈసారి నేను పుస్తకం అడ్డం పెట్టుకుని పాచిక వేసి, ఏం పడ్డా "గెలిచినవ్" అన్న. రెండు రోజులు అందరూ ఖుషీ. మూడో రోజు మానుకోటోడు అడిగిండు: "నువ్వెట్లనైనా బతికిస్తవ్ గదరా, ఇగ పాచిక ఎందుకు?" నా దగ్గర జవాబు లేదు.

మొదటిసారి రూలు కథను మింగింది. రెండోసారి కథ రూలును మింగింది. మరి తూకం ఎక్కడ?

నాకు జవాబు ఒగ్గుకథలో దొరికింది. మా జిల్లా మాణిక్యాపురం చుక్క సత్తయ్య గారు పేరు తెచ్చిన కళ. మల్లన్న కథ ముగింపు అందరికీ తెలుసు. మల్లన్నకు కేతమ్మతో పెళ్లి కాకుంటే జనం ఊరుకోరు. కానీ ఎక్కడ నవ్వించాలి, ఏ ఘట్టాన్ని సాగదీయాలి అన్నది కథకుడి ఇష్టం. అక్కడ ముగింపు గట్టిది, దారి మెత్తది. మన ఆటలో ముగింపు ఎవరికీ తెలియదు. అందుకే గట్టిగా పట్టుకోవడానికి ఇంకోటి కావాలి. అదే రూలు. అందరూ ఒకే మాట మీద ఉన్నరన్న నమ్మకాన్ని రూలే ఇస్తది.

దాన్ని బట్టి మేం మూడు మాటలు అనుకున్నం.

ఒకటి: గెలిచినా ఓడినా కథ ముందుకు పోయేటట్టుంటేనే పాచిక వెయ్యాలి. "తలుపు తెరుచుకోలేదు, అయిపోయింది" అన్న ఓటమితో ఎవరికీ లాభం లేదు.

రెండు: ఏం పోతదో వేసే ముందే చెప్పాలి. "ఓడితే ప్రాణం పోవచ్చు, దూకుతవా?" అని ఆ రాత్రి నేను అడగలేదు. అడిగి ఉంటే ఆ చావు వాడి నిర్ణయం అయ్యేది. అడగలేదు కాబట్టి నా తీర్పు అయింది.

మూడు: గెలుపుకు, ఓటమికి నడుమ జాగా ఉండాలి. 2010లో వచ్చిన 'అపోకలిప్స్ వరల్డ్' అనే ఆటలో రెండు మామూలు పాచికలు వేస్తారు. 10 లేదా పైన వస్తే గెలుపు, 6 లేదా కింద వస్తే చిక్కు, 7 నుంచి 9 వస్తే పని అయితది గానీ ఏదో ఒకటి పోగొట్టుకోవాలి. లెక్క కట్టి చూడండి: మొత్తం 36 కలయికల్లో ఆ నడిమి జాగాకే 15 వస్తాయి, దాదాపు 42 శాతం. సగటు మనిషి బతుకు కూడా అక్కడే కదా!

పోయిన ఆదివారం మళ్లీ అదే చెరువు, అదే తుఫాను. ఈసారి ముందే అడిగిన. "దూకుత" అన్నడు. రెండు పాచికలు అందరి ముందు పడ్డయి: 5, 3. మొత్తం 8.

"తూము తెరుచుకుంది. ఊరు బతికింది. కానీ నీళ్లు మీ వరి మడి మీది నుంచే పోయినయ్" అన్న.

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరే, పొద్దుగాల మా నాయనకు నేనే చెప్త" అన్నడు.

రాత్రి ఒంటిగంట దాకా ఎవరం లేవలేదు.