‘కాళ్లు నొస్తున్నయి’ అనే పిల్లలతో కాన్హేరి కొండకు

మన చాలీల పిల్లలకు నడక పోయింది. అది వాళ్ల తప్పు కాదు. పది బై పన్నెండు ఖోలీలో అయిదారుగురం ఉంటం. బయట గల్లీ నిండా హాత్ గాడీలు, టెంపోలు, స్కూటర్లు. పిల్లడు ఉరికేది ఎక్కడ? ఆడపిల్లల సంగతి ఇంకా వేరు. కామాటిపుర పేరు చెప్తే బయటివాళ్లు ఎట్ల చూస్తరో మనకు తెలుసు. ఆ చూపుకు భయపడి, ఏడో తరగతికి వచ్చిన పిల్లను మనమే కిందికి దిగనియ్యం. స్కూలు, ట్యూషను, ఖోలీ, చేతిలో మొబైల్, అంతే. అట్లాంటి పిల్లను ఒక ఆదివారం లేపి “పద, కొండ ఎక్కుదాం” అంటే మూతి ముడవక ఏం చేస్తది?

గిర్ని పని వదిలినంక నాకు ఆదివారాలు మిగిలినయి. నాలుగేండ్ల నుంచి చలికాలంలో మా బిల్డింగు పిల్లలను బోరివలి నేషనల్ పార్కులోని కాన్హేరి గుహలకు తీసుకపోతున్న. ఎనిమిది మంది పిల్లలుంటే పెద్దవాళ్లం ముగ్గురం తప్పక ఉంటం. ఖర్చు తక్కువ, రోజంతా గడుస్తది. ఎట్ల తీసుకపోవాలని నలుగురైదుగురు అడిగిన్రు, అందుకే రాస్తున్న.

ముందు రైలు సంగతి. గ్రాంట్ రోడ్‌లో ఫాస్ట్ ఆగదు, బోరివలి స్లో ఎక్కాలి. గంట లోపల దిగుతం. ఆదివారం పొద్దున బండి ఖాళీగా ఉంటది, పిల్లలందరికీ కిటికీ దొరుకుతది. పొద్దున అంటే ఏడింటికే. పది దాటితే జంబో బ్లాక్ ఉండొచ్చు, శనివారమే కనుక్కోండి. ఈస్టు వైపు దిగితే పార్కు గేటు నడిచిపోయేంత దూరమే. సోమవారం పార్కు బందు ఉంటది. గేటు నుంచి గుహలు ఆరేడు కిలోమీటర్లు, చిన్నపిల్లలుంటే బస్సులో పోవాలి. ఆ దూరం నడిపిస్తే గుహలు చూసే ఓపిక వాళ్లకు మిగలదు. పార్కు టికెట్ వేరు, గుహల టికెట్ వేరు. పదిహేనేండ్ల లోపు పిల్లలకు గుహల టికెట్ లేదు.

ఇంట్లో చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోవాలి. ఆశ పెట్టొద్దు. “బొమ్మరైలు ఎక్కిస్త, పడవ ఎక్కిస్త, పులిని చూపిస్త” అని చెప్తం. అక్కడ ఆ రోజు ఏదో ఒకటి బందు ఉంటది. ఇగ రోజంతా ఆ గునుగుడే. ఉన్నదే చెప్పాలి. కొండ ఉంది, కోతులు ఉన్నయి, చీకటి గుహలు ఉన్నయి, మధ్యాహ్నం సర్వపిండి తింటం. ఇది చాలు.

గిర్నిలో బదిలీ పనికి వచ్చిన కొత్తోడికి మొదటి రోజే నాలుగు సాంచాలు అప్పజెప్తే తెల్లారి రాడు. పిల్లలూ అంతే. వాళ్లను వెనక నుంచి తోలితే నడవరు. అందరికన్నా చిన్నవాణ్ణి ముందు నడిపించాలి. వాడి అడుగే అందరి అడుగు. పెద్దపిల్లలు “ఇంత మెల్లగనా?” అంటరు. అననియ్యండి, అలసట వాళ్లకు రాదు. ఒకడికి నీళ్లు, ఒకతికి టికెట్లు, ఒకడికి లెక్క పెట్టే పని ఇవ్వాలి. ప్రతి గుహ దగ్గరా ఎనిమిది తలకాయలు ఉన్నయా లేదా చూసేది వాడే. పని చేతిలో ఉన్నోడు కాళ్ల నొప్పి తక్కువ చెప్తడు.

మన గల్లీలకు ఒకటి నుంచి పద్నాలుగు దాకా నంబర్లు ఉన్నట్టే, అక్కడ గుహలకూ నంబర్లు ఉన్నయి. అవి 109. ఇది చెప్తే మన పిల్లలకు వెంటనే పట్టుకుంటది. “మూడో నంబరు ఎక్కడ, పదకొండో నంబరు ఎక్కడ” అని వాళ్లే వెతుకుతరు. మూడో నంబరు పెద్దది. వాకిట్లో రెండు వైపులా ఇంత ఎత్తు బుద్ధుడు నిలబడి ఉంటడు, నాలుగు మనుషుల ఎత్తు. లోపల స్తూపం, చుట్టూ స్తంభాలు 34. కొన్నింటికే చెక్కడం ఉంది, మిగతావి సాదాగా ఉన్నయి. ఎందుకు అట్ల వదిలేసిన్రని పిల్లలను అడగండి, పైసలు అయిపోయినయా, మేస్త్రి లేచిపోయిండా అని వాళ్లు కథలు అల్లుతరు. పదకొండో గుహలో నేల మీద రెండు పొడుగాటి రాతి బల్లలు ఉన్నయి, బంతి భోజనానికి వేసినట్టు. 41వ దాంట్లో పదకొండు తలల విగ్రహం ఉంది. తలలు లెక్కపెట్టమంటే పది అని ఒకడు, తొమ్మిది అని ఒకడు, పంచాయితీ తెగదు.

మూడో గుహ శాసనంలో యజ్ఞశ్రీ శాతకర్ణి పేరు ఉంది. శాతవాహన రాజు, రెండో శతాబ్దం నాటి మాట. కరీంనగర్ నుంచి వచ్చినోళ్లకు కోటిలింగాల తెలుసు కదా, గోదావరి ఒడ్డున శాతవాహనుల నాణేలు దొరికిన ఊరు. ఆ రాజులే. “మన తాతలు గిర్నికి రాకముందే మనోళ్ల రాజు ఇక్కడికి వచ్చిండు” అని నేను కొంచెం మసాలా వేసి చెప్త. రాజు స్వయంగా కొండ ఎక్కిండో లేదో నాకేం తెలుసు, పేరైతే ఉంది. కళ్యాణ్, సోపారా, నాసిక్ వ్యాపారులు దానాలు ఇచ్చినట్టు శాసనాల్లో ఉంది. సోపారా అంటే మన విరార్ లోకల్ ఆగే నాలా సోపారాయే. భిక్షువుల బట్టల ఖర్చుకు నిధి పెట్టిన దాతలు కూడా ఉన్నరు. ఆ బట్ట ఎవరో నేసే ఉంటరు. సాలోళ్ల పిల్లలకు ఇది చెప్పకుండా ఎట్ల?

అయినా మా బిల్డింగు పిల్లలను అన్నిటికన్నా ఆపింది రాజు కాదు, నీళ్ల తొట్టి. గుహ గుహకు పక్కనే రాతిలో తొలిచిన తొట్టి ఉంది. కొండ మీద పడ్డ వాన సన్న కాలువల్లో నడిచి అందులోకి దిగుతది. “అంటే ఎవరి ఖోలీకి వాళ్ల నీళ్లా తాతా?” అని అడిగింది మా మనవరాలు. దానికి పదమూడేండ్లు. పొద్దున నల్లా కాడ డబ్బా పట్టుకొని లైన్ల నిలబడేది అదే. దాన్ని తీసుకరావడానికి వారం బతిమిలాడిన. “నాకు కొండలు వద్దు” అన్నది కానీ అసలు సంగతి వేరు. దారిలో మరుగుదొడ్డి ఉంటదో ఉండదో అని దాని భయం. ఆ మాట తాతకు చెప్పదు. వాళ్లమ్మ కనుక్కొని చెప్పింది. ఆడపిల్ల రానంటే ముందు ఇది అడిగించండి. గేటు లోపల మరుగుదొడ్లు ఉన్నయి, అక్కడికే ముందు తీసుకపోవాలి. లేకుంటే పిల్ల రోజంతా నీళ్లు తాగదు, ఎండలో తల తిరుగుతది. వెంట ఒక ఆడమనిషి తప్పకుండా ఉండాలి.

తొట్లు చూసినంక అది ముందుకు పోయింది. పై మెట్ల మీద, ఎవరూ చూడని చోట, పరుగెత్తింది. నేను పిలవలేదు.

తిండి సంగతి. ఒక్కసారే విప్పొద్దు. మొదటి మెట్ల వరుస ఎక్కినంక పల్లిపట్టీ, సగం దూరంలో సకినాలు, పైన కూర్చున్నంక సర్వపిండి. కోతులు సంచీ చప్పుడు వింటయి, కాబట్టి కవర్లు వద్దు, డబ్బా మంచిది. పిల్లల చేతుల్లో తిండి పట్టించి నడిపించొద్దు. కోతికి పెట్టనే పెట్టొద్దు. మొబైల్ ఒక్కటే పైకి వస్తది, పెద్దవాళ్ల దగ్గర, ఫొటోకు.

అడవిలో చిరుతలు ఉన్నయి. దారి దిగి చెట్లలోకి పోవద్దు, పొద్దు గూకకముందే కిందికి రావాలి. వానాకాలం జలపాతాలు బాగుంటయి కానీ ఆ రాళ్లు పాకుడు పట్టి జారుతయి. నేనైతే దసరా నుంచి శివరాత్రి దాకానే పోత.

తిరుగు ప్రయాణానికి బోరివలిలోనే మొదలయ్యే స్లో బండి ఎక్కండి, విరార్ నుంచి నిండి వచ్చేది వద్దు. పోయినసారి మా పిల్లలు కాందివలి దాటకముందే నిద్రపోయిన్రు. మనవరాలు మాత్రం టికెట్ వెనక చూసిన గుహల నంబర్లు రాసుకుంది. ఇరవై మూడు.

అయిదేండ్ల లోపు పిల్లలకు, మోకాళ్ల నొప్పుల అమ్మమ్మలకు ఇది కుదరదు. వాళ్లకు మలబార్ హిల్ ఉంది. 1982 జనవరి 18న సమ్మె మొదలైనంక, చేతిలో పైసలు లేని ఆ రోజుల్లో మేము పిల్లలను ఎత్తుకొని నానా చౌక్ మీదుగా అక్కడికే నడిచేటోళ్లం. కమలా నెహ్రూ పార్కులో ముసలమ్మ బూటు ఇప్పటికీ ఉంది. పోయేటప్పుడు బస్సు, వచ్చేటప్పుడు దిగుడే కాబట్టి నడక. చౌపాటీ కాడ కాసేపు కూర్చోవచ్చు.