ఈల ఊదని కోచ్... 489 గెలుపులు!

ఒకే కాలేజీలో, ఒకే జట్టుకు, ఒకే మనిషి 60 సీజన్లు కోచ్‌గా ఉన్నారని మీకు తెలుసా? ఆయన పేరు జాన్ గలార్డి. ఊరు అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం, కాలేజ్‌విల్. కాలేజీ సెయింట్ జాన్స్ యూనివర్సిటీ. 1953లో చేరారు, 2012లో దిగారు. మధ్యలో బదిలీ లేదు, లాంగ్ లీవూ లేదు!

ముందే చెప్పేస్తున్నాం. ఇది కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు. తలకు హెల్మెట్, భుజాలకు ప్యాడ్లు, చంకలో కోడిగుడ్డు ఆకారపు బంతి... ఆ అమెరికా ఫుట్‌బాల్. రూల్స్ అడక్కండి, ఈ పేజీ చాలదు. బంతి పట్టుకుని అవతలివాళ్ల గీత దాటితే పాయింట్లు. ఇంతే తెలిస్తే చాలు, పదండి!

కాలేజీ పేరు జాన్స్, కోచ్ పేరు జాన్, జట్టును అందరూ పిలిచే పేరు జానీలు. మీకు తెలుసా, ఆటగాళ్లు కూడా ఆయన్ని ‘కోచ్’ అనకూడదు, ‘జాన్’ అనే పిలవాలి! అది ఆయన పెట్టిన రూలే. 18 ఏళ్ల కుర్రాడు 77 ఏళ్ల పెద్దాయన్ని పేరు పెట్టి పిలవడమే. మన దగ్గర పీఈటీ మాస్టారితో ఓసారి ప్రయత్నించి చూడండి, గ్రౌండ్ చుట్టూ ఎన్ని రౌండ్లు పడతాయో!

అన్నట్టు, ఆ రౌండ్లు కూడా జాన్ దగ్గర ఉండేవి కావు. గ్రౌండ్ చుట్టూ పరుగులు వద్దు. ఈల వద్దు. అరుపులు వద్దు. బరువులెత్తడం తప్పనిసరి కాదు. కొత్తగా వచ్చినవాళ్లను సీనియర్లు ఏడిపించడం అసలే వద్దు. ఆయన ‘వద్దు’ల జాబితా చాంతాడంత. ఇన్ని వద్దన్నాక ఇంకేం మిగిలిందయ్యా అంటే... గెలవడం!

ఈ ఆటలో ప్రాణం ట్యాక్లింగ్. అంటే పరుగెత్తేవాడి మీద పడి కింద పడేయడం. ఆ ట్యాక్లింగ్‌నే గలార్డి ప్రాక్టీసులో నిషేధించారని తెలుసా? మా వాళ్లను మేమే గాయపరుచుకోవడం ఎందుకన్నది ఆయన లాజిక్. ఈతగాడికి నీళ్లు నిషేధించినట్టు కదూ! కానీ శనివారం మ్యాచ్‌లో జానీలు ఎదుటివాళ్లను శుభ్రంగా పడేసేవారు.

అమెరికాలో పేరుమోసిన ఐవీ లీగ్ కోచ్‌లు సీజన్ మధ్యలో ప్రాక్టీసుల్లో ట్యాక్లింగ్ మానేద్దామని ఎప్పుడు తీర్మానించారో తెలుసా? 2016లో! అప్పటికి గలార్డి రిటైరై నాలుగేళ్లు. పెద్ద చదువుల కాలేజీలకు పాఠం కాస్త ఆలస్యంగా ఎక్కింది మరి.

ప్రాక్టీసు ఎంతసేపో ఊహించండి. గంటన్నర దాటకూడదు! ఎండ మండితే, దోమలు ముసిరితే అంతకంటే ముందే ఇంటికి. మిన్నెసోటా దోమలకు ఆ మాత్రం మర్యాద దక్కాల్సిందే లెండి.

ఇంకో విచిత్రం. ఒళ్లు వేడెక్కించే కసరత్తుల పేరిట జానీలు ఏం చేసేవారో తెలుసా? పచ్చికలో వెల్లకిలా పడుకుని, పక్కవాడితో ‘ఇవాళ భలే బాగుంది కదూ’ అని చెప్పుకోవాలి. దాన్ని కూడా డ్రిల్ అనే పిలిచేవారు. ఇలాంటి కసరత్తు అయితే మేమూ రెడీ!

జట్టులో ఎంతమంది ఉండేవారో తెలుసా? ఒక్కోసారి 150 మందికి పైగా! మ్యాచ్‌లో ఒక్కసారి బరిలోకి దిగేది 11 మంది. వచ్చినవాడిని వచ్చినట్టు చేర్చుకోవడమే ఆయన పద్ధతి, ఎవరినీ తీసేసేవారు కాదు. పెళ్లి పందిట్లో కూడా కొందరిని గుర్తుపట్టి పంపేస్తారు!

వీళ్లెవరికీ ఆట పేరిట స్కాలర్‌షిప్ లేదు. సెయింట్ జాన్స్ ఆడేది మూడో డివిజన్‌లో. అక్కడ ఆటకు పైసా ఇవ్వకూడదని నిబంధన. అంటే ఫీజు కట్టుకుని మరీ ఒళ్లు హూనం చేసుకునే కుర్రాళ్లన్నమాట. శభాష్!

ఇప్పుడు అసలు సీజన్‌కి వద్దాం. 2003. గుర్తుపెట్టుకోండి, ఇది మామూలు ఏడాది కాదు.

2003 సీజన్ మొదలయ్యేనాటికి గలార్డి ఖాతాలో ఎన్ని గెలుపులున్నాయో తెలుసా? సరిగ్గా 400! లెక్క కుదరాలని ముందే మాట్లాడుకున్నట్టు.

అప్పటికి కాలేజీ ఫుట్‌బాల్‌లో అత్యధిక గెలుపుల రికార్డు 408. అది లూసియానాలోని గ్రాంబ్లింగ్ కోచ్ ఎడ్డీ రాబిన్సన్‌ది. ఆయనా సామాన్యుడు కాదు, 1941 నుంచి 1997 దాకా ఒకే కాలేజీ. ఇంకో తమాషా మీకు తెలుసా? రాబిన్సన్ కోచ్ అయింది 22 ఏళ్లకు, గలార్డి కాలేజీ కోచ్ అయిందీ 22 ఏళ్లకే! ఆ వయసులో చాలామంది ఇంకా బ్యాక్‌లాగ్‌లు రాసుకుంటుంటారు.

2003 నవంబర్ 1న గలార్డికి 77 నిండాయి. సరిగ్గా వారానికి, నవంబర్ 8న, బెతెల్ జట్టు మీద మ్యాచ్. స్కోరు 29-26. అది 409వ గెలుపు! రాబిన్సన్ రికార్డు గల్లంతు. చూడ్డానికి వచ్చినవాళ్లు 13 వేలకు పైనే. అంత చిన్న కాలేజీకి పదమూడు వేల జనమా అని ముక్కున వేలేసుకోకండి, అక్కడ శనివారమంటే జాతరే.

ఆ సీజన్ అక్కడితో ఆగిందా? ఆగలేదు! ఆడినవి 14, గెలిచినవి 14. ఓటమి సున్నా. రికార్డు కొట్టిన ఏడాదే అజేయంగా ముగించడం... ఇలాంటిది సినిమాలో చూపిస్తే మరీ అతి అని విజిల్స్ ఆపేస్తాం.

జాతీయ ఫైనల్లో ఎదుట నిలిచింది ఎవరో తెలుసా? ఒహాయో రాష్ట్రపు మౌంట్ యూనియన్. వరసగా 55 మ్యాచ్‌లు గెలిచి వచ్చిన జట్టు! అంతకుముందు రికార్డు 54. అదీ వాళ్లదే! ఒకరి రికార్డు ఒకరు కొడతారు, వీళ్లు వాళ్ల రికార్డు వాళ్లే కొట్టుకున్నారు.

ఆ జట్టు కోచ్ ల్యారీ కెరెస్ గురించి ఒక్క అంకె చాలు. 27 సీజన్లలో ఓడింది 24 మ్యాచ్‌లు. ఏడాదికి ఒకటి కూడా కాదు! గెలిచినవి 332. ఓడిన రోజున ఆయన ఇంట్లో ఏం జరిగేదో అలవాటు లేక తెలిసుండదు.

అలాంటి జట్టుతో 2000 ఫైనల్లో సెయింట్ జాన్స్ తలపడి 10-7తో ఓడింది. మూడేళ్లు ఆగి 2003 డిసెంబర్ 20న, వర్జీనియాలోని సేలంలో బాకీ తీర్చింది. స్కోరు ఎంతో తెలుసా? 24-6! 55 మ్యాచ్‌ల జైత్రయాత్రకు సెలవు.

ఆ ఫైనల్లో మైక్ జావర్ అనే జానీ, ఎదుటివాళ్లు విసిరిన బంతిని మధ్యలో లాక్కుని ఎంత దూరం పరుగెత్తాడో తెలుసా? 100 గజాలు! ఈ గీత నుంచి ఆ గీతకు మైదానం పొడవే 100 గజాలు. అంతకంటే ఎక్కువ కావాలంటే పార్కింగ్ స్థలంలోకి వెళ్లాలి.

ఇంకా నోరు తెరిచే ఉంచండి. మూడో డివిజన్‌లో ఏటా ఉత్తమ ఆటగాడికిచ్చే బహుమతి పేరు గలార్డి ట్రోఫీ. 1993 నుంచి ఇస్తున్నారు. మనిషి కళ్లెదుటే ఉండగా, ఇంకా కోచింగ్ చేస్తుండగా ఆయన పేరుతో ట్రోఫీ! మరి 2003లో అది ఎవరికొచ్చిందో తెలుసా? గలార్డి శిష్యుడు బ్లేక్ ఎలియట్‌కే! గురువు పేరున్న కప్పు శిష్యుడి ఇంటికి.

ఆ ఫైనల్‌కు స్టాగ్ బౌల్ అని పేరు. ఆ స్టాగ్ ఎవరో తెలుసా? ఎమోస్ ఎలాంజో స్టాగ్, ఇంకో మొండి కోచ్. చికాగో యూనివర్సిటీలో 41 సీజన్లు చేశాక 70 ఏళ్లు వచ్చాయని ఇంటికి పంపేశారు. ఆయన వెళ్లారా? కాలిఫోర్నియా వెళ్లి ఇంకో కాలేజీలో 14 సీజన్లు చేశారు! ఆ తర్వాత కొడుకు కోచ్‌గా ఉన్న జట్టులో చేరారు. 102 ఏళ్లు బతికారు. రిటైర్మెంట్ అనే మాట ఆయనకు ఎవరూ సరిగ్గా చెప్పినట్టు లేదు.

కొడుకులంటే గుర్తొచ్చింది, గలార్డి కొడుకు జిమ్ కూడా తండ్రి దగ్గరే అసిస్టెంట్ కోచ్‌గా పనిచేశారు. మరి ఆయనైనా ‘నాన్నా’ అన్నారో, ‘జాన్’ అన్నారో!

ఇక ఫ్లాష్‌బ్యాక్. గలార్డి మొదటిసారి కోచ్ అయింది ఎన్నో ఏట? పదహారో ఏట! కొలరాడోలోని ట్రినిడాడ్‌లో హైస్కూల్ చదువుతున్నారు. 1943, రెండో ప్రపంచయుద్ధం. స్కూలు కోచ్‌ను సైన్యం లాక్కెళ్లింది. జట్టు మూతపడే పరిస్థితి. నేను చూసుకుంటానన్నాడు కుర్రాడు. మొదటి పని ఏం చేశాడో తెలుసా? ప్రాక్టీసులో నీళ్లు తాగనిచ్చాడు! అప్పట్లో ఆట మధ్యలో నీళ్లు తాగితే మెత్తబడిపోతారని పెద్దల గట్టి నమ్మకం. దాహం అంటే ఏమిటో తెలిసినవాడు కోచ్ అయితే అలా ఉంటుంది.

1949లో మొంటానాలోని క్యారల్ కాలేజీకి కోచ్. నాలుగేళ్లలో మూడు లీగ్ టైటిళ్లు. బాస్కెట్‌బాల్ కూడా ఆయన నెత్తినే పెట్టారు. సెయింట్ జాన్స్‌కొచ్చాక ఐస్ హాకీ కూడా! ఐదు సీజన్లలో హాకీ జట్టు గెలిచినవి 42, ఓడినవి 25. ఏ బంతి ఇచ్చినా, చివరికి బంతి కాని బిళ్ల ఇచ్చినా, గెలుపే.

సెయింట్ జాన్స్‌లో ఆయనకు ముందు కోచ్ ఎవరో తెలుసా? జానీ బ్లడ్. ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్న మహా ఆటగాడు. అసలు పేరు మెక్‌నాలీ. దొంగపేరుతో ఆడటానికి ఓ పేరు కావలసి వచ్చి, దారిలో ‘బ్లడ్ అండ్ శాండ్’ అనే సినిమా బోర్డు చూసి సగం తెంపుకున్నాడు! ఇక్కడ ఎవరొచ్చినా గెలవలేరని గలార్డికి ఆయనే చెప్పి వెళ్లారట. తర్వాత 60 సీజన్లలో జాన్ అక్కడ గెలిచింది 465 మ్యాచ్‌లు. జోస్యం చెప్పడం కంటే బ్లడ్‌గారికి ఆటే బాగా వచ్చు.

జాతీయ టైటిళ్లు నాలుగు: 1963, 1965, 1976, 2003. మొదటిదానికీ చివరిదానికీ తేడా 40 ఏళ్లు! మొదటి జట్టు కుర్రాళ్లు తాతలయ్యాక చివరి కప్పు వచ్చింది. తాత మారాడు, మనవడు మారాడు, కోచ్ మారలేదు.

1993లో జానీలు మ్యాచ్‌కు సగటున ఎన్ని పాయింట్లు చేశారో తెలుసా? 61.5! స్కోర్‌బోర్డు మార్చేవాడికి ఓవర్‌టైమ్ ఇచ్చారో లేదో మరి.

ఈ కాలేజీని స్థాపించింది బెనెడిక్టైన్ సన్యాసులని తెలుసా? వాళ్లు 1998లో ఓ పని మొదలుపెట్టించారు. బైబిల్ మొత్తాన్ని ఈక కలాలతో, చేత్తో, రంగు బొమ్మలతో రాయించడం. బ్రిటన్ లేఖకుడు డొనాల్డ్ జాక్సన్ బృందం 2011లో ముగించింది. రాయడం మొదలైనప్పుడు ఫుట్‌బాల్ కోచ్ గలార్డి. పూర్తయినప్పుడూ గలార్డే! అక్కడి సన్యాసులకే ఓపిక ఎక్కువో, కోచ్‌కే ఎక్కువో తేల్చడం కష్టం.

ఆయన కాలేజీ కోచ్ అయినప్పుడు అమెరికా అధ్యక్షుడు ట్రూమన్. దిగినప్పుడు ఒబామా. మధ్యలో లెక్కేసుకోండి, మొత్తం 12 మంది! వైట్‌హౌస్‌లో కూడా అంత ఉద్యోగ భద్రత లేదు.

అప్పట్లో జానీల బద్ధశత్రువు సెయింట్ థామస్ కాలేజీ జట్టు. 2017లో ఈ రెండు జట్ల మ్యాచ్ చూడ్డానికి బేస్‌బాల్ స్టేడియానికి ఎంతమంది వచ్చారో తెలుసా? 37,355 మంది! మూడో డివిజన్ చరిత్రలో అంత జనం లేరు. అదే ఏడాది సెయింట్ థామస్ మరో జట్టును 97-0తో చితక్కొట్టింది. 2019లో ఈ రెండు జట్లూ ఆడే లీగ్ వాళ్లు ఏం చేశారో ఊహించగలరా? మరీ ఎక్కువ గెలుస్తున్నారంటూ సెయింట్ థామస్‌ను లీగ్‌లోంచి సాగనంపారు! ఓడినందుకు వెళ్లగొట్టడం విన్నాం, గెలిచినందుకు వెళ్లగొట్టడం ఇదే వినడం. వాళ్లు ఏడ్చారా? మూడో డివిజన్ నుంచి ఏకంగా మొదటి డివిజన్‌కు ఎగిరారు.

2012లో గలార్డి ఆఖరి సీజన్. ఐదు గెలుపులు, ఐదు ఓటములు. అప్పటికి ఆయనకు 86. 2018 అక్టోబర్‌లో, 91 ఏళ్ల వయసులో కన్నుమూశారు. 64 సీజన్ల మొత్తం లెక్క: 489 గెలుపులు, 138 ఓటములు, 11 సమం. అలబామా దేవుడిగా కొలిచే ఫుట్‌బాల్ కోచ్ బేర్ బ్రయంట్ గెలుపులు ఎన్నో తెలుసా? 323. దేవుడు కూడా 166 వెనక!

ఇక ఆఖరి ప్రశ్న. ఈ రికార్డు బద్దలు కొట్టాలంటే ఏం చేయాలి? తేలికే! ఏడాదికి 10 మ్యాచ్‌లు గెలవాలి. ఒక్క ఏడాది కూడా తగ్గకూడదు. అలా 49 ఏళ్లు. 22 ఏళ్లకు మొదలుపెడితే 70 దాటేలోపు 490 పూర్తి. మీ ఇంట్లో 22 ఏళ్ల కుర్రాడెవరైనా ఖాళీగా ఉంటే వెంటనే చెప్పండి, ఇప్పటికే ఆలస్యమైంది!